ఒంటిచెవి సరంగు ఇల్లాలు

ఆవిడ రాసిన నవలలన్నీ సముద్రం మీదే నడుస్తాయి. ఓడదొంగలు, మాయదీవులు, వానొస్తే చిగుళ్లు వేసే ఓడ, దాన్ని నడిపే ఒంటిచెవి సరంగు. పిల్లలు చదివి పెద్దవాళ్లకిచ్చేవారు, పెద్దవాళ్లు చదివి దాచుకునేవారు. ఆవిడ మాత్రం చిన్న పడవైనా ఎక్కి ఎరగదు. పొద్దున్నే లేచి వంటింటి బల్ల మీద నాలుగు పేజీలు రాసుకుని, ఆ తర్వాత బట్టల దుకాణంలో బిల్లులు కొట్టడానికి పరుగెత్తేది. సాయంత్రానికి కాళ్లు మొద్దుల్లా ఉబ్బేవి.

ఓడ మీద పనిచేసింది ఆవిడ భర్త. సరుకుల ఓడలో ఇంజను మనిషి. ఒకసారి వెళితే ఏడాది దాకా ఇంటి మొహం చూసేవాడు కాదు. వచ్చినా నోట్లోంచి మాట ఊడిపడేది కాదు. తినడం, పడుకోవడం, కారుతున్న కుళాయి బాగుచేయడం, మళ్లీ పెట్టె సర్దుకోవడం. ఇంజను మోతకి ఒక చెవి ఏనాడో పోయింది.

"నాన్న ఎప్పుడొస్తాడే?" అని చిన్నప్పుడు కూతురు ప్రాణం తోడేస్తుంటే, ఏం చెప్పాలో తోచక ఓ రోజు అనేసింది. "మీ నాన్నని ఓడదొంగలు సరంగుగా పెట్టుకున్నారు. ఆయన లేకపోతే వాళ్లకి దారి తెలీదట."

"తర్వాత?" అంది పిల్ల.

ఆ తర్వాత ఏమైందో చెప్పడానికి ఆవిడకి సగం జీవితం పట్టింది. కూతురు బళ్లో చెప్పిన కథ ఆ నోటా ఈ నోటా పడి, పిల్లల పుస్తకాలు వేసే ఒకాయన చెవికి చేరింది. ఆవిడ చేత రాయించి మొదటి నవల వేశాడు. అది బాగా అమ్ముడుపోయింది. ఇక ఏడాదికొకటి తప్పలేదు.

చివరికి భర్త ఉద్యోగం ముగించుకుని ఇంటికొచ్చేశాడు. అంతే, ఆవిడ చెయ్యి ఆగిపోయింది. తుఫానులో గర్జించే సరంగుని రాయబోతే, ఎదురుగా అదే సరంగు లుంగీ కట్టుకుని కాలి గోళ్లు తీసుకుంటున్నాడు. ఎలా రాస్తుంది?

"కొత్త నవల ఎప్పుడిస్తారమ్మా?" అని ప్రచురణకర్త ఫోను చేశాడు.

"ఆయన ఇంటికొచ్చేశారండీ."

"మంచిదేగా."

"మంచిదే. అందుకే కుదరడం లేదు."

ఆ వానాకాలం ఆయన అలమరలోంచి భార్య పుస్తకాలు ఒక్కొక్కటే తీసి చదవడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్లలో ఒక్కటీ తెరిచింది లేదు. వరస కింద వేలు పెట్టుకుని, బడిపిల్లాడిలా పెదాలు కదుపుతూ చదివాడు. ఓ మధ్యాహ్నం ఆఖరిది మూసి, ఉల్లిపాయలు తరుగుతున్న భార్య వైపు చూశాడు.

"ఈ సరంగు నేనేనా?"

"మీరే. నాకు తెలిసిన ఓడమనిషి ఇంకెవరున్నారు?"

"ఇన్ని మాటలు నేనెప్పుడు మాట్లాడానే?"

"మాట్లాడలేదు కాబట్టే రాశాను."

ఆయన మూసిన పుస్తకం మళ్లీ తెరిచి, "సముద్రం నిజంగా ఇలాగే ఉంటుందా?" అన్నాడు.

ఎకసెక్కం అనుకుంది. "నన్నడుగుతారేం? చూసింది మీరు."

"నేను చూసిందెక్కడ. ఇంజను గది నీళ్లకి కింద ఉంటుంది. కిటికీ ఉండదు. డ్యూటీ దిగాక మెట్లెక్కి పైకెళ్లే ఓపిక ఎవడికుంది? పడుకునేవాణ్ణి. తుఫానొస్తే అరికాళ్లకి తెలిసేది, అంతే. నువ్వు రాసిందాంట్లోనే చూశాను. బావుంది."

ఆవిడ కత్తి కింద పెట్టింది. ఇన్నేళ్లూ ఆయనకి అంతులేని ఆకాశమనీ, తనకి ట్యూబులైటు కింద బిల్లు కాగితాలనీ లోలోపల కుళ్లుకుంటూ వచ్చింది. తీరా చూస్తే ఇద్దరూ ట్యూబులైటు కిందే బతికారు. కోపం పెట్టుకోవడానికి ఇక మనిషి లేడు. ఒక్కసారిగా ఒళ్లంతా బరువెక్కి, గోడకి జారగిలబడింది.

"మరి కింద ఏముండేదండీ?" అని అడిగింది.

ఆయన చెప్పాడు. ఆ రోజు కొంచెం, మర్నాడు ఇంకొంచెం. చమురు వాసన, మోతలో సైగలతో మాట్లాడుకోవడం, బోల్టు బిగించే ధ్యాసలో అన్నం సంగతి మర్చిపోవడం.

ఆవిడ మళ్లీ రాసింది. చిగుళ్లు వేసే ఓడకి అడుగున వేళ్లు కూడా ఉండాలి కదా. ఆ చీకట్లో వేళ్లకి నీళ్లు పోసే మనిషి కథ అది. పైన యుద్ధాలు జరుగుతుంటాయి. అతనికి అడుగుల చప్పుడే వినిపిస్తుంది.

"సరంగేడమ్మా? పిల్లలు సరంగు కోసమే కొంటారు," అన్నాడు ప్రచురణకర్త.

"వయసైపోయిందండీ. కూర్చోబెట్టాను."

మొహమాటానికి వేశాడు. పుస్తకం అమ్ముడుపోలేదు. కట్టలు కట్టలుగా వెనక్కొచ్చాయి. కూతురు మాత్రం చదివి ఫోను చేసి, "నాన్నకివ్వు," అంది. తండ్రీకూతుళ్లు గంటసేపు మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో ఆవిడ అడగలేదు.

ఆపైన ఆవిడ రాయలేదు. సరంగు కథలు వేరే కుర్రాడి చేత రాయించుకుంటానని ప్రచురణకర్త అడిగితే, సరేనంది. అచ్చయి వచ్చిన మొదటిది సగం చదివి భర్త చేతికిచ్చింది. ఆయన పది పేజీలు తిరగేసి, బోర్లా పెట్టి, మంచం మీద నడుం వాల్చాడు.

"ఏం, బాలేదా?"

"ఇందులో సముద్రం తడిగా లేదే."

ఆవిడకి నవ్వొచ్చింది. పైకి నవ్వే ఓపిక లేక, అటు తిరిగి పడుకుంది.