గుప్పెడు బియ్యం, ఒక పేరు

ఈ ఉదయం కుక్కర్లో బియ్యం పోస్తూ అలవాటు ప్రకారం ఒక గుప్పెడు వెనక్కి తీశాను. రేకు డబ్బా మూత తీయగానే పాత బియ్యం వాసన, పురుగు పట్టకుండా వేసిన ఎండు వేపాకు వాసన కలిసి వచ్చాయి. గుప్పిట డబ్బా మీదికి వచ్చి ఆగిపోయింది. నిన్న కింది వాటాలోకి దిగిన అమ్మాయి గుర్తొచ్చింది. సామాను దించుతున్నంతసేపూ మెట్ల మీద ఒక్కతే కూర్చుంది. పలకరిస్తే తలూపింది గానీ పెదవి విప్పలేదు. ఆమె పేరు నాకు తెలియదు. పేరు లేకుండా గుప్పిట విప్పడం సువార్తమ్మ పెద్దమ్మ నాకు నేర్పలేదు.

ఎనభైల మొదట్లో, గురజాల నుంచి రెంటచింతల వెళ్లే దారిలో ఉన్న ఒక ఊరి బడికి టీచరుగా వెళ్లాను. మావారికి చిలకలూరిపేటలో స్పిన్నింగు మిల్లులో పని. వారానికొకసారి వచ్చిపోయేవారు. అంతకు కొన్ని నెలల ముందే మాకు ఆడపిల్ల పుట్టి, పురిటి స్నానమైనా కాకముందే పోయింది. ప్రార్థన చేయనిదే ముద్ద ముట్టని ఇంట్లో పెరిగినదాన్ని నేను. ఆ బిడ్డను బతికించమని ఆస్పత్రి మంచం మీద ఎంత ఏడ్చి అడిగానో నాకే తెలుసు. ఆ తర్వాత నాకు ప్రార్థన నోటికి రాలేదు. మళ్లీ ఎప్పటికైనా వస్తుందన్న ఆశ కూడా పోయింది. ఆదివారం చర్చికి వెళ్లి వెనక చాప మీద కూర్చునేదాన్ని. ఆమేన్ అనగానే అందరికంటే ముందు చెప్పులేసుకునేదాన్ని. మావాళ్లేమో వయసుంది కదా, ఇంకొకరు పుడతారులే అనేవారు. ఓదార్పు కోసమే అనేవారు గానీ, నాకు ఒళ్లు మండిపోయేది.

సువార్తమ్మ పెద్దమ్మ మా వీధి చివర ఉండేది. నాపరాళ్ల క్వారీలో చేసీ చేసీ మోకాళ్లు అరిగిన మనిషి. మాట కూడా నాపరాయంత గరుకు. ఆ ఊళ్లో చర్చికి వచ్చే ఆడవాళ్లందరూ వండిన ప్రతిసారీ గుప్పెడు బియ్యం పక్కకు తీసేవారు. శనివారం సాయంత్రం పెద్దమ్మ గుడ్డసంచి భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగి వాటిని పోగుచేసేది. కూలి దొరకని ఇంటికి కొంత వెళ్లేది. మిగిలింది నెల మొదటి ఆదివారం అందరికీ వండేవారు. ఈ ఆచారం చాలా చర్చిల్లో ఉన్నదే. పెద్దమ్మ దానికి తన షరతు ఒకటి కలిపింది. గుప్పెడు తీసేటప్పుడు సంఘంలో ఎవరో ఒకరి పేరు పలికి, వాళ్లకోసం ప్రార్థన చేయాలి. ఎవరి పేరున తీశారో గడపగడపకూ అడిగి మరీ సంచి పట్టేది.

మొదటిసారి మా గుమ్మంలోకి వచ్చినప్పుడు, త్వరగా వదిలించుకుందామని చేటెడు బియ్యం తెచ్చి పోయబోయాను. సంచి మూతి బిగించేసింది. గుప్పెడు చాలంది, ఎవరి పేరున అని అడిగింది. నాకిక్కడ ఎవరూ తెలియదన్నాను.

"ఎదురింటి కరుణమ్మ పేరు పెట్టు. ఆమె మొగుడికి క్వారీలో కాలు ఇరిగింది. ఎట్టా ఉందో పోయి కనుక్కో. సంగతి తెలవకుండా ప్రార్థనేంది?" అంది.

అడగకపోతే వచ్చే శనివారం పెద్దమ్మ వదలదని వెళ్లాను. కరుణమ్మ నులకమంచం వాల్చింది, మజ్జిగ ఇచ్చింది, కట్టు కట్టిన కాలితో మొగుడు పెట్టే సణుగుడు అనుకరించి నన్ను నవ్వించింది. చాలా నెలల తర్వాత నేను నవ్విన నవ్వు అది. తర్వాత వారం పెద్దమ్మ ఇంకో పేరు చెప్పింది, ఆ తర్వాత మరొకటి. అలా ఏడాది తిరిగేలోగా వీధిలో ఎవరింట్లో జ్వరమో, ఎవరింట్లో అలకో నాకు తెలిసిపోయేది. కానీ గుప్పెడు తీసేటప్పుడు నేను పేరు మాత్రమే పలికేదాన్ని. ఆ పేరు తర్వాత ఒక్క మాటా వచ్చేది కాదు.

నెల మొదటి ఆదివారపు అన్నం సంగతి చెప్పకపోతే ఆవిడ గురించి చెప్పినట్టు కాదు. కొత్త బియ్యం, పాత బియ్యం, రేషను బియ్యం, నూకలు అన్నీ ఒకే గుండిగలో పడేవి. ఏం చేసినా సగం ముద్ద, సగం పలుకు. దేనికది విడిగా వండితే బాగుంటుంది కదా అన్నాను ఒకసారి. పెద్దమ్మ గరిటె ఆపి నావంక చూసింది.

"ఏ మెతుకు ఎవరింటిదో తెలిస్తే ఇంక కలిసి తినేదేంది టీచరమ్మా?" అంది.

ఆ తర్వాత నేనెప్పుడూ ఆ మాట ఎత్తలేదు. పలుకు మెతుకులు నములుతూ కూర్చునేదాన్ని.

ఒక శనివారం పెద్దమ్మ వచ్చేసరికి నేను గుప్పెడు తీసి ఉంచలేదు. ఆ రోజు మా పాప పుట్టిన రోజు. ఎవరి పేరున అని ఆవిడ అడగగానే ఏడాదిగా బిగపట్టుకున్నదంతా బయటపడింది. నేను అడిగినప్పుడు వినని దేవుడికి ఇప్పుడు ఊరందరి పేర్లూ ఎందుకు చెప్పాలి అన్నాను. బైబిలు వాక్యం ఎత్తుతుందని, బిడ్డలందరూ పోయినా దేవుణ్ణి వదలని యోబు కథ చెబుతుందని ఎదురుచూశాను. ఆవిడ సంచి కింద పెట్టి గడప మీద చతికిలబడింది.

"ఎందుకు ఇనలేదో నాకు తెలవదమ్మాయ్. తెలిస్తే చెప్పనా? నీకు రాకపోతే మానుకో. అందాక నీ వంతు మేం చేస్తాం," అంది. మళ్లీ తనే, "పిల్ల పేరేంది?" అని అడిగింది.

ఆ మాట నన్ను అంతవరకు ఎవరూ అడగలేదు. మావారికి కూడా చెప్పలేదు నేను. బిడ్డను కడుపులో మోస్తున్నప్పుడే మనసులో పెట్టుకున్న పేరు అది. "కృప" అన్నాను. పెద్దమ్మ తనే లేచి నా బియ్యం కుండలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసింది. కృప తల్లికి తోడుగా ఉండు ప్రభువా, అని సంచిలో వేసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు మొదటి ఆదివారం. నేను ఎప్పటిలాగే చెప్పులు వెతుక్కుంటున్నాను. వెనక నుంచి కరుణమ్మ పిలిచింది.

"కృపోళ్లమ్మా, యాడికి పోతన్నావు? ఇస్తళ్లు పరువు, రా."

మా పల్లెల్లో పెళ్లయిన ఆడదాన్ని బిడ్డ పేరుతోనే పిలుస్తారు. ఆ పిలుపు నాకిక ఉండదనుకున్నాను. ఇంకో ఆవిడ, కృపోళ్లమ్మా, నీళ్లు అందుకో అంది. రాత్రికి రాత్రే పెద్దమ్మ ఊరంతా చెప్పి ఉంటుంది. విస్తళ్లు పరుస్తూనే ఏడ్చాను. ఎవరూ ఊరుకోమనలేదు, పని మాత్రం చేయించుకున్నారు. భోజనాలకు ముందు అందరం కళ్లు మూసుకున్నప్పుడు నా పెదవులు వాటంతట అవే కదిలాయి. ఆ ప్రార్థనలో నేను కోరిందేమీ లేదు. ఆ గుండిగ చుట్టూ కూర్చున్న వాళ్ల పేర్లు ఒకటొకటే చెప్పుకున్నాను.

తర్వాత నాకు ఇద్దరు కొడుకులు పుట్టారు. నరసరావుపేటలో ఇల్లు కట్టుకున్నాం. ఇక్కడ అందరికీ టీచరు గారినే. పెద్దమ్మ పోయి చాలా ఏళ్లయింది. కరుణమ్మ మాత్రం ఫోనెత్తగానే ఇప్పటికీ "కృపోళ్లమ్మా" అంటుంది. నా కూతురు ఈ లోకంలో ఉండి వెళ్లిందని చెప్పే మాట నాకు అదొక్కటే.

డబ్బా మూత తెరిచే ఉంది. కుక్కరు పక్కన పెట్టి, గుప్పిట అలాగే బిగించుకుని మెట్లు దిగాను. తలుపు తీసిన అమ్మాయి నా గుప్పిట వంక వింతగా చూసింది.

"నీ పేరేంటమ్మా?" అని అడిగాను.