మా అమ్మ మూసిన కళ్ళు

“ఏమే, ఎవరి కళ్ళే ఇవి?”

“తాతమ్మవే అమ్మమ్మా. మూసుకున్న కళ్ళని ఫోనే తెరిపించింది. ఎంత బాగా వచ్చిందో చూడు.”

“మీ తాతమ్మ మొఖం ఎన్నడన్నా చూసిందా ఆ ఫోను? కళ్ళు తెచ్చి అతికించటానికి మా అమ్మేమన్నా తిరణాల్లో బొమ్మటే?”

“మరి కళ్ళు మూసుకున్న మొఖం సమాధి మీద పెడతావా? చూసినోళ్ళు పోయినాక తీసిన ఫోటో అనుకుంటారు. నువ్వు చూశావుగా, నువ్వే చెప్పు. తాతమ్మ కళ్ళు ఇట్టా ఉండేయి కాదా?”



సమాధుల పండగకు ముందురోజు సాయంత్రం, రెంటచింతలలో మా ఇంటి వసారాలో జరిగిన గొడవ ఇది. నా కూతురి కూతురు మా అమ్మ సమాధికి అతికించడానికని, మాచర్లలో టైలు మీద ఫోటో వేయించుకొచ్చింది. అందులో మా అమ్మ నన్ను సూటిగా చూస్తోంది. కానీ అవి మా అమ్మ కళ్ళేనా అంటే, ఎంత తలచుకున్నా నాకు గుర్తు రాలేదు. ఇన్నేళ్ళూ ఉన్న ఆ ఒక్క ఫోటోనే చూసి చూసి, కళ్ళు మూసుకున్న అమ్మే నాకు మిగిలింది. ఈ టైలు సమాధి మీదికెక్కిందంటే పిల్లలకు ఇవే ఆమె కళ్ళయిపోతాయి, కొన్నాళ్ళకు నాకూ అంతే. అదీ నా భయం.

ఆ ఫోటో తీసింది నేనే. మూడో తరగతితో బడి మానిపించిన దాని చేతికి కెమెరా ఎట్లా వచ్చిందని మీరు అడగవచ్చు. మా ఆయనకు విజయపురి సౌత్‌లో కాలవల మీద ఉద్యోగం. పక్క క్వార్టర్సులోని ఇంజనీరు గారి భార్య బదిలీ మీద వెళ్తూ, సామాను బరువని ఒక నల్లటి డబ్బా కెమెరాను నాకిచ్చి పోయింది. ఏదీ పారేసే దాన్ని కాను గనక దాచాను. దాచిన వస్తువును ఊరికే ఉంచే దాన్నీ కాను గనక నేర్చుకున్నాను.

దాన్ని పొట్టకు ఆనించి పట్టుకుని, తల వంచి, పైనున్న గాజుబిళ్ళలోకి చూడాలి. మొదటిసారి ఎత్తిపోతల జలపాతం దగ్గర చూశాను. పక్కవాళ్ళ మాట వినపడనివ్వకుండా అంత ఎత్తునుంచి దూకే నీళ్ళు, బొటనవేలంత గాజులో వెండిదారంలాగా వేలాడుతున్నాయి. కుడినుంచి వచ్చే మనిషి అందులో ఎడమనుంచి వస్తున్నాడు. అంత జలపాతమూ నా రెండు చేతుల మధ్యకు వచ్చి నిలబడింది. దేవుడు పైనుంచి లోకాన్ని ఇట్లాగే చూస్తాడు కాబోలు అనుకున్నాను.

రీలుకు పన్నెండు ఫోటోలు. నాకు ఒక రీలు ఏడాదంతా రావాలి. అడిగిన వాళ్ళందరికీ తీసేదాన్ని కాదు, పీనాసిదని తోడికోడళ్ళు నవ్వినా సరే. ఆ ఏటి రీలులో చివరిది మా అమ్మ కోసమని అట్టే పెట్టాను. ఆమె అంతవరకూ ఫోటో దిగి ఎరగదు. వాకిట్లో పీట మీద కూర్చోబెట్టి, కదలొద్దు, మాట్లాడొద్దు, ఊపిరి బిగబట్టమన్నాను. మా అమ్మకు అట్లా నిశ్చలంగా ఉండడం తెలిసిన చోటు ఒక్కటే, చర్చిలో పూజ నడుమ గంట మోగి అందరూ కళ్ళు మూసి చేతులు జోడించే వేళ. గాజుబిళ్ళలో అంత చిన్న మొఖంలో కళ్ళు మూసిందో తెరిచిందో ఏం తెలుస్తుంది? మీట నొక్కాను. ఆ చప్పుడు వినగానే ఆమె కళ్ళు తెరిచి, సిలువ గుర్తు వేసుకుని, పీట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. రీలు అయిపోయింది. ఆ ఎండాకాలమే వడదెబ్బకు మా అమ్మ పోయింది.

రీలు కడిగించడానికి పోతే, మాచర్ల స్టూడియో ఆయన నా ఏడుపు చూడలేక చీకటిగదిలోకి రానిచ్చాడు. ఎర్రబల్బు వెలుతురులో తెల్లకాగితాన్ని మందునీళ్ళ పళ్ళెంలో వేసి ఊపుతుంటే, మొదట జుట్టు, తర్వాత చీర అంచు, జోడించిన చేతులు, చివరికి మొఖం, పెనం మీద దోసె రంగు తిరిగినంత నెమ్మదిగా, ఏమీ లేని చోటునుంచి మా అమ్మ పైకి తేలింది. మట్టిలో పెట్టి వచ్చిన మనిషి నీళ్ళలోంచి లేచి రావడం కళ్ళారా చూశాను. అప్పటినుంచి ఫ్లాషు ఉన్న కెమెరా, రీలు లేని కెమెరా, ఫోను, ఏది చేతికొచ్చినా నొక్కే ముందు ఎదుటివాళ్ళ కళ్ళు చూసుకుంటాను.

మన వయసు వాళ్ళకు చెబితే అర్థమవుతుంది. ఇప్పుడు బాగా రాని ఫోటో అంటూ మిగలడం లేదు. కళ్ళు మూసినవి, కొంగు చెదిరినవి, సగం తుమ్మినవి అక్కడికక్కడే చెరిపేస్తున్నారు. మనకు మిగిలినవేమో అన్నీ అట్లాంటివే.

తెల్లవారి సమాధుల దొడ్డికి వెళ్ళాం. మనవరాలి సంచిలో టైలూ, నా సంచిలో పాత ఫోటోపటమూ ఉన్నాయి. సమాధి కడిగి, బంతిపూలు పెట్టాం. ఫాదర్ గారు పవిత్ర జలం చల్లుతూ మా వరసకు వచ్చేసరికి గంట మోగింది. మనవరాలు తలవంచి, చేతులు జోడించింది. నేను దాని ఫోను తీసుకుని ఒక్కటంటే ఒక్కటే ఫోటో తీశాను.

తర్వాత అది చూసుకుంది. కళ్ళు మూసుకున్నానే, ఇంకొకటి తియ్యి అమ్మమ్మా అంది. చాలని, సంచిలోంచి పటం బయటికి తీశాను. అది మళ్ళీ ఫోనులోకి చూసింది, నా చేతిలో ఉన్న పటం వంక చూసింది, మళ్ళీ ఫోనులోకి చూసింది. టైలును గుడ్డలో చుట్టి సంచి అడుక్కి పెట్టేసింది. నా చేతిలో పటం అందుకుని సిలువకు ఆనించి, కొవ్వొత్తి వెలిగించి, గాలికి ఆరిపోకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది.