రెండుసార్లు తీసిన రక్తం

1982 జూన్‌లో నన్ను బెంగళూరు ప్రయోగశాల నుంచి హిందూపురం కేంద్రానికి రీసెర్చ్ ఆఫీసరుగా వేశారు. కేంద్రమంటే అద్దెకు తీసుకున్న రెండు గదులు, ఒక జీపు, ఒక టెక్నీషియన్. పరీక్షలు బెంగళూరులోనే జరిగేవి కాబట్టి వారంలో సగం రోజులు అక్కడ, సగం రోజులు ఇక్కడ ఉండేదాన్ని.

మా పని సహజ సంహారక కణాల మీద. తెల్ల రక్తకణాల్లో కొన్నింటికి ఒక క్రిమితో గట్టిగా పోరాడాలంటే దానితో ముందొకసారి పరిచయం కావాలి. ఈ కణాలకు అది అక్కర్లేదు. చెడిపోయిన కణం ఎదురైతే మొదటిసారే చంపేస్తాయి. వీటికి ఆ పేరు పెట్టి అప్పటికి పదేళ్లు కూడా కాలేదు. ఇంట్లో క్షయ రోగి ఉన్నా తమకు రోగం అంటనివాళ్లలో ఈ కణాలు ఎలా ఉన్నాయి, పొలం పని చేసేవాళ్లకూ మగ్గం నేసేవాళ్లకూ తేడా ఉందా అన్నది మా ప్రశ్న. పొలం వాళ్లను రొద్దం దగ్గరి ఒక పల్లెలో, నేతవాళ్లను ధర్మవరంలో ఎంచుకున్నాం.

రక్తం గడ్డకట్టకుండా మందు వేసిన గొట్టాల్లో తీసేవాళ్లం. ఐసులో పెట్టకూడదు, చలికి ఈ కణాలు మందగిస్తాయి. ఎండ తగలకూడదు. పొద్దున తీసిన రక్తాన్ని బట్టలో చుట్టి, పెనుకొండలోనో ధర్మవరంలోనో రైలెక్కించి, మధ్యాహ్నానికి బెంగళూరు చేర్చాలి. అక్కడ తెల్లకణాలను వేరుచేసి, రేడియోధార్మిక క్రోమియం పట్టించిన కాన్సర్ కణాలతో నాలుగు గంటలు కలిపి ఉంచేవాళ్లం. చచ్చిన కణం క్రోమియాన్ని బయటికి వదులుతుంది. దాన్ని యంత్రంతో కొలిస్తే సంహారక శక్తి ఎంతో తెలుస్తుంది.

రక్తం తీసేదీ రైల్లో తెచ్చేదీ టెక్నీషియన్ ఖాదర్. హిందూపురం మనిషే. తాత్కాలిక ఉద్యోగం, ఏడాదికోసారి పొడిగింపు ఉత్తర్వు రావాలి. అతనిలా నొప్పి లేకుండా సూది గుచ్చేవాణ్ణి నేను తర్వాత కూడా చూడలేదు.

మొదటి విడత ఫలితాలు చూసి నాకు కాలు నిలవలేదు. పల్లెవాళ్ల కణాలు ధర్మవరం వాళ్లవాటి కంటే బాగా ఎక్కువగా చంపుతున్నాయి. ఆరుబయట మట్టిలో, పశువుల మధ్య బతికేవాళ్లకు ఈ శక్తి పెరుగుతుందని ఒక వ్యాసం రాయడం మొదలుపెట్టాను. మా డైరెక్టర్ తొందరపడే మనిషి కాదు. అదే మనుషుల రక్తం ఇంకోసారి తీయమన్నారు, ఈసారి నన్నే స్వయంగా తీయమన్నారు. పల్లెవాళ్లను జీపులో పెనుకొండకు తెచ్చి, ఒక బడి వరండాలో కూర్చోబెట్టి తీశాను. ఫలితాలు ధర్మవరం వాళ్ల స్థాయికి పడిపోయాయి.

డైరెక్టర్ రెండు పట్టికలనూ పక్కపక్కన పెట్టి చూశారు. మొదటి విడత రక్తం ఆ పల్లెవాళ్లది కాదని, టెక్నీషియన్ పల్లెకు పోకుండా దొరికినవాళ్ల దగ్గర తీసి పేర్లు అంటించి ఉంటాడని ఆయన అనుమానం. పొడిగింపు ఆపడానికి నన్నొక నివేదిక రాయమన్నారు. ఖాదర్ గడువు ముగిసే నెలాఖరుకు పది రోజులుంది.

సగం నేనూ నమ్మాను. హిందూపురం వచ్చి ఖాదర్‌ను నిలబెట్టి అడిగాను, ఆ గొట్టాలు ఎవరివని.

అతను, "మేడమ్, నేను పోల్యాదని మీరు అనుకుంటాంటే ఆ ఊరికే పొయ్యి అడగండి. నన్ను జూసినోళ్లు ఆడ ఉండారు" అన్నాడు.

మర్నాడు జీపులో వెళ్లాను. చెనిక్కాయ, అదే వేరుశనగ, పీకే రోజులు. మా జాబితాలో మొదటి పేరు ఓబుళమ్మది. నలభై ఏళ్ల రైతు, భర్తకు క్షయ. చేను గట్టు మీదే మాట్లాడింది. ఖాదర్ వచ్చిన మాట నిజమేనా అని అడిగాను.

"రాకేమమ్మా. మా ఊరి బళ్లో కూచ్చోని ఒక్కొక్కర్నే పిలిపిచ్చె. పని పోతాదని మేము చేన్లో నుంచి ఉరుకుతా పోతిమి. గస తీరకముందే సూది పొడిచి పంపిచ్చె. మొన్న మీరైతే జీపులో తీసకపొయ్యి గంటసేపు నీడలో కూచ్చోబెడ్తిరి. ఏం డాక్టరమ్మా, అట్ల తీసిందానికీ ఇట్ల తీసిందానికీ ఏమన్నా తేడా ఉంటాదా?"

జాబితాలోని మరో నలుగురినీ అడిగాను. నలుగురూ ఆమె చెప్పిందే చెప్పారు. ఖాదర్ వచ్చాడు, తీశాడు. మరి తేడా ఆ పరుగులో ఉందా?

డైరెక్టర్‌ను వారం రోజులు గడువు అడిగాను. ఇచ్చారు, ఇష్టం లేకుండానే. అదే పల్లెలో, చేను నుంచి వేగంగా నడిచి రాగానే ఒక గొట్టం, గంటసేపు కూర్చున్నాక అదే మనిషి నుంచి రెండో గొట్టం తీశాను. ధర్మవరంలో మగ్గం దిగినవాళ్లను స్టేషను దాకా వడిగా నడిపించి అలాగే తీశాను. ఖాదర్‌ను దూరంగా ఉంచాను. పేర్ల బదులు అంకెలు వేసి, ఏ అంకె ఎవరిదో రాసిన కాగితాన్ని ప్రయోగశాలలో మరొకరి దగ్గర దాచాను.

కాగితం విప్పి చూసేసరికి అంతా తేలిపోయింది. నడిచి రాగానే తీసిన గొట్టాల్లో శక్తి ఎక్కువ, కూర్చున్నాక తీసినవాటిలో తక్కువ. పల్లెవాళ్లకైనా నేతవాళ్లకైనా అంతే. మొదటి విడతలో నేతవాళ్ల రక్తం మగ్గం ముందు కూర్చుని ఉండగానే తీసింది. విశ్రాంతిలో రక్తనాళాల గోడలకు అంటుకుని ఉండే ఈ కణాలు, శ్రమ పడగానే ప్రవాహంలోకి దిగుతాయి. కాసేపు కూర్చుంటే తగ్గిపోతాయి. ఇలాంటిదే విదేశీ పత్రికల్లో అప్పటికే వచ్చిందని లైబ్రరీలో తర్వాత చూశాను. ముందే చదవాల్సింది.

డైరెక్టర్ పట్టిక చూసి, నివేదిక రాశావా అని అడిగారు. రాయలేదన్నాను. మంచిదని పొడిగింపు ఉత్తర్వు మీద సంతకం చేశారు. నా వ్యాసం అచ్చుకు పోనందుకు సంతోషించమన్నారు. నిజంగానే సంతోషించాను. ఆర్నెల్ల కష్టంతో కట్టుకున్న తేడా పోయింది, అయినా ఆ మధ్యాహ్నం హిందూపురం రైల్లో కూర్చుంటే వారం తర్వాత మొదటిసారి కునుకు పట్టింది.

ఉత్తర్వు చేతికిచ్చినప్పుడు ఖాదర్ దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మీరు ఊరికి పొయ్యి అడిగినారు మేడమ్, మంచిదాయ. నన్ను అడగకముందే పొయ్యింటే ఇంకా బాగుండు" అన్నాడు. నేను ఒప్పుకున్నాను. ఆ తర్వాత ఐదేళ్లు కలిసి పనిచేశాం.

ఆ నెల నుంచి మా రిజిస్టరులో ఒక గడి పెంచాం: రక్తం తీయడానికి ముందు గంటలో ఈ మనిషి ఏం చేశారు. రక్తం ఇచ్చినవాళ్లను ఆ మాట అడగకుండా వాళ్ల కణాల గురించి ఏదీ చెప్పలేమని నేను నేర్చుకున్నాను. రెండు ఫలితాలు కలవనప్పుడు అందులో ఒకటి అబద్ధమే కానక్కర్లేదు. రెండూ నిజమయ్యే దారి ఉందేమో వెతికిన తర్వాతే మనిషిని అనుమానించాలి. నేను ఆ వరుస తప్పాను. నష్టం జరగకముందే సరిదిద్దుకునే వీలు దొరికింది.