బంటింగ్‌లో కూర్చుని మంచుకు ధర కట్టాను

నేను మంచు చూడలేదు. ఫ్రిజ్ పై అరలో గడ్డకట్టి, చేపల కవరును పట్టుకుని వదలని తెల్లటి పొర ఉంటుందే, నాకు తెలిసిన మంచు అదొక్కటే. అలాంటిది కెనడాలో ఎక్కడో ఒక ఊళ్లో, ఇళ్ల ముందు పడిన మంచు తోసిపెట్టడానికి ఏ ఇంటి దగ్గర ఎంత తీసుకోవాలో చెప్పే పని నాకు వచ్చింది. ఆ మాట విన్న సాయంత్రం, మలేషియాలో మా ఊరైన బంటింగ్ బజారులో మోటార్‌సైకిల్ మీద వస్తూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను. సిగ్నల్ దగ్గర పక్క బండి మీదున్న మలాయి ముసలాయన నన్ను చూసి, ఎందుకో తెలియకుండానే తనూ నవ్వాడు.

మా ఆఫీసు కౌలాలంపూర్‌లో, మనవాళ్ల హోటళ్లుండే బ్రిక్‌ఫీల్డ్స్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఉంటుంది. ఆ కెనడా కంపెనీ తరఫున ఫోన్లు ఎత్తడం, బిల్లులు పంపడం మా పని. నేను చాలాకాలం ఇంటి నుంచే ఫోన్లు ఎత్తాను. ఎవరో వేసిన ధరను నేను చదివి వినిపించాలి, అవతలివాళ్లు నన్ను తిట్టాలి. అందులో సగం మంది తిట్టింది న్యాయమే అని నాకనిపించేది. వాళ్ల ఇల్లు ఒకసారి సరిగ్గా చూసినవాడెవడూ ఆ ధర వేయడు. అయినా గొంతులో తేనె పోసుకుని "అర్థమైందండీ" అనాలి. నాకా ఓపిక తక్కువ. ఫోను పెట్టేశాక ఆ ధర వేసినవాణ్ని నేను తిట్టేదాన్ని. ధర వేసే కుర్చీలో ఒక్కసారి కూర్చుంటే చూపిస్తాను అని అమ్మతో అంటూ ఉండేదాన్ని.

మా టీమ్ లీడర్ హైదరాబాద్ నుంచి ఈమధ్యే వచ్చిన కుర్రాడు. బ్రిక్‌ఫీల్డ్స్‌లో అరిటాకు భోజనం చేస్తూ కబురు చెప్పాడు.

"అక్కా, ఒక వీధి ఇస్తాను. కొత్తగా మన కంపెనీలో చేరే ఇళ్లు. ధరలు మీరే వేయండి. సరిగ్గా వస్తే ఆ ఊరంతా మీకే. లేదంటే మళ్లీ ఫోన్లే, ఏమనుకోవద్దు."

"సేస్తాను బాబూ. సేసి సూపిస్తాను" అన్నాను.

నా తెలుగు వింటే అతనికి సరదా. మా ముత్తాతలు ఉత్తరాంధ్ర నుంచి ఓడెక్కి ఇక్కడి తోటల్లో పనికి వచ్చినప్పుడు తెచ్చుకున్న మాట అది. మేం దానికి తమిళం, మలాయి కలుపుకున్నాం. అతను ఇంగ్లీషు కలుపుకున్నాడు. ఇద్దరికీ రసం ఒకేలా ఘాటుగా ఉంది. ఆ పూట నేను రెండోసారి అన్నం పెట్టించుకున్నాను, ఆనందం పట్టలేక.

పని ఎలా ఉంటుందంటే, ఆకాశం నుంచి తీసిన ఇళ్ల ఫొటోలు కంప్యూటర్‌లో వస్తాయి. రోడ్డు దగ్గర నుంచి ఇంటి దాకా కారు వెళ్లే దారి ఉంటుంది. ముందు పలక బిగించిన మంచు బండి తోసేది ఆ దారి మీది మంచునే. మౌస్‌తో గీత గీస్తే పొడవు వస్తుంది, అడ్డంగా గీస్తే వెడల్పు వస్తుంది. చలికాలం మొత్తానికి ఇంత అని ఒక ధర చెప్పాలి. నాకిచ్చింది చివర మూసుకుపోయిన చిన్న వీధి. మొదట్లో పెద్ద తోటలున్న ఇళ్లు, చివర్లో ఒకదాన్నొకటి ఒరుసుకున్నట్టున్న చిన్న ఇళ్లు.

అమ్మ బాగన్ దాతుక్ కొబ్బరి తోటల్లో పుట్టి పెరిగింది. నా భుజం మీదుగా తెరలోకి తొంగి చూసింది.

"ఒలే, ఆల్లింటి ముందు మంచు తోసుకోడానికి ఆల్లకి సేతుల్నేవా?"

"మోకాలి లోతు పడతాదమ్మా. రోజూ ఎవులు తోసుకుంటారు?"

"ఐస్ కాచాంగ్ నాగుంటాదా?" తురిమిన ఐసు మీద రంగు సిరప్పు పోసి అమ్ముతారే, అది.

"అలాగే ఉంటాదేమో. రంగు సిరప్పు నేకుండా."

అమ్మ కాసేపు ఆలోచించి, అయితే వాళ్లు దాన్ని పారేయడమెందుకని అడిగింది.

మా నాన్న ఉన్నప్పుడు తోటల్లో గడ్డి కొట్టే కాంట్రాక్టులు పట్టేవాడు. నేలంతా అడుగులేసి కొలిచి, నిలబడ్డచోటే ధర చెప్పేవాడు. పొడవైతే ఎక్కువ, పొట్టిదైతే తక్కువ. నేనూ అదే పట్టుకున్నాను. పైగా మేమున్నది ఒకే వరసలో గోడలు కలిసిన ఇళ్ల తామాన్‌లో, అంటే కాలనీలో. మా కారు నిలిపే చోటు చాప పరిచినంత. నీళ్లు కొట్టి రెండు చీపురుపెట్లు వేస్తే అయిపోతుంది. కాబట్టి చిన్న ఇల్లంటే చిన్న పని అని నా మనసులో ముద్రపడిపోయింది. పెద్ద తోటల వాళ్లకు గట్టిగా వేశాను. వీధి చివర, ఒక పక్క గోడ, ఇంకో పక్క పొరుగింటి కిటికీలు ఉన్న అతి చిన్న ఇంటికి అందరికన్నా తక్కువ వేసి, పాపం అనిపించి ఇంకాస్త తగ్గించాను. మా ఇల్లులాగే ఉందని దాని మీద నాకు ప్రేమ పుట్టుకొచ్చింది.

ధరలన్నీ సిద్ధం. శనివారం మధ్యాహ్నానికి లీడర్‌కి పంపాలి. నాకు ముందురోజే కాలు నిలవలేదు. పంపేముందు ఒకసారి చూసుకుందామని ఆగాను, అంతే.

ఆ శనివారం పొద్దున అమ్మ దీపావళి శుభ్రం మొదలుపెట్టింది. మా ఇళ్లన్నిటి ముందూ లొంగ్కాంగ్ ఉంటుంది, వాన నీళ్లూ వాడుక నీళ్లూ పోయే సిమెంటు కాలువ. ముందురోజు కురిసిన వానకి అది పూడుకుపోయింది. అమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని, పారతో బురద తీసి గట్టు మీద వేస్తూ పోయింది. తీసేకొద్దీ వస్తూనే ఉంది. మా గేటు ముందు చోటు నిండిపోయాక, పక్కింటి గేటు ముందు కుప్ప వేయడం మొదలుపెట్టింది.

పక్కింటి తమిళావిడ కారు తాళాలు ఊపుకుంటూ బయటికి వచ్చింది.

"ఎన్న అక్కా ఇదు! నా కారు ఎప్పిడి వెళియ పోగుం?"

కారు బయటికెలా తీయాలి అని ఆవిడ గొడవ. ఇన్నేళ్ల ఇరుగుపొరుగులో ఒకరి భాష ఒకరికి పూర్తిగా వచ్చేసింది. అమ్మ పార నేలకు గుచ్చి తెలుగులోనే అందుకుంది.

"మరెక్కడెయ్యమంటావు లాహ్? సోటుంటే సెప్పు, అక్కడేస్తాను. నా నెత్తి మీద ఎట్టుకోనా?"

నేను గేటు దగ్గర నిలబడి నవ్వుతున్నదాన్ని. నవ్వు సగంలో ఆగిపోయింది. మంచు కూడా అంతే కదా! అది నీళ్లలా కాలువలో పడి పోదు కదా! బండి తోసిన మంచు ఎక్కడికి పోతుంది?

నేను ఇన్నాళ్లూ మంచును వానలాగే చూశాను. వాన పడుతుంది, ఆగుతుంది, లొంగ్కాంగ్‌లోకి పోతుంది, మన పని మనం చేసుకుంటాం. పుట్టినప్పటి నుంచి చూసింది అదే. పడినది పడినచోటే నెలల తరబడి కూర్చుంటుందన్న ఊహే నాకు రాలేదు. బురద కాళ్లతోనే ఇంట్లోకి పరిగెత్తాను. వెనక నుంచి "నేల తుడిసినానే!" అని అమ్మ అరుపు.

ఫొటోలో కొలిచి తెలుసుకునేది కాదు ఇది. చేసి చూడాలి. వంటింట్లో మురుకుల కోసం అమ్మ జల్లించి పెట్టిన బియ్యప్పిండి కనిపించింది. ఇంకేం ఆలోచించలేదు. భోజనాల బల్ల మీద ఆ వీధిని కట్టాను. టిఫిన్ డబ్బాలు ఇళ్లు, వాటి మధ్య దారులు, దారుల మీద చేతి మందాన పిండి. దోసెల అట్లకాడ నా బండి. పెద్ద ఇంటి దారిలో ఒక్క తోపు తోస్తే పిండి పక్కలకు, తోటల్లోకి పోయి పడింది. ఎంత సుఖం! అదే చిన్న ఇంటి దారిలో అట్లకాడ పెట్టి తోశాను. పిండి ముందుకు పోయి, పోయి, చివర డబ్బాకు గట్టిగా అదుముకుంది. పక్కకు జరపబోతే పొరుగు డబ్బా. మళ్లీ తోస్తే కుప్ప డబ్బా ఎత్తుకు వచ్చింది. దాన్ని తీయాలంటే అట్లకాడ తిప్పి, వెనక్కి లాక్కుంటూ, వీధి దాకా తెచ్చి, మలుపు దగ్గరున్న ఖాళీ జాగాలో వేయాలి. మళ్లీ లోపలికి వెళ్లాలి. మళ్లీ లాగాలి.

పొట్టి దారే పెద్ద పని! నా ధరలు తలకిందులుగా ఉన్నాయి. నేను భయపడాల్సింది, కానీ సంతోషంతో చప్పట్లు కొట్టాను, పిండి లేచి ముక్కులోకి పోయింది.

అమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. "నా మురుకుల పిండే అది!"

"కొత్త పిండి కొంటానమ్మా, రెండింతలు కొంటాను. ఒక్క గంట దీన్ని ముట్టుకోకు!"

అమ్మ నా మొహం చూసి, పక్కింటావిడతో కలిసి బురదను బకెట్లలోకి ఎత్తడానికి వెళ్లిపోయింది. నేను ఒక్కో ఇంటి ఫొటో తెరిచి, దారి పొడవు కాదు, దాని పక్కనున్న ఖాళీ నేల కొలిచాను. ధరలన్నీ చెరిపి మళ్లీ వేశాను. మధ్యాహ్నానికి పంపేశాను.

లీడర్ వెంటనే వీడియో కాల్ చేశాడు. "అక్కా, చిన్నింటికి మొదట్లో ఉన్న బంగళా కన్నా ఎక్కువేంటి? కస్టమర్ నవ్వి ఫోన్ పెట్టేస్తాడు."

కెమెరా బల్ల వైపు తిప్పి, అట్లకాడతో తోసి చూపించాను. అతను ఇంకోసారి తోసి చూపించమన్నాడు. "నాకైతే అర్థమైంది. కానీ డబ్బిచ్చేది నేను కాదు కదా. ఆ చిన్నింటాయనతో మీరే మాట్లాడండి. ఆయన ఒప్పుకుంటే ఈ ధరలు ఉంటాయి, కుర్చీ మీది. కాదంటే పాత పద్ధతే. నేనూ లైన్లో వింటాను."

మర్నాడు పొద్దున్నే, అక్కడ వాళ్లకు సాయంత్రం వేళ, ఫోన్ చేశాను. ఎన్ని వేల ఫోన్లు ఎత్తినదాన్ని, నంబరు రెండుసార్లు తప్పు నొక్కాను. ముసలి గొంతు పలికింది. ధర చెప్పాను, పెద్దిళ్ల కన్నా ఎక్కువేనని కూడా దాచకుండా చెప్పాను. ఆయన నవ్వలేదు, కోప్పడ్డాడు.

"నాది ఒక్క కారు పట్టే దారి. మొదటింటివాడిది నాలుగు కార్లది. వాడికి తక్కువా? మీకు లెక్కలు రావా?"

మామూలుగా అయితే ఇక్కడ నేను "అర్థమైందండీ" అనాలి. అనలేదు. ఈసారి ఆ ధర ఎందుకో నాకు తెలుసు.

"ఆయన మంచు ఆయన తోటలో పడుతుందండీ. మీకు ఒక పక్క గోడ, ఒక పక్క కిటికీలు. తోసుకుంటూ పోతే మంచంతా మీ ఇంటికే ఆనుకుంటుంది. అందుకని మా బండి తోయదు, వెనక్కి లాగుతుంది. వీధి మలుపు దాకా మోసుకెళ్లి అక్కడ వేసి, మళ్లీ వస్తుంది. ఆ రాకపోకలకే ఈ ధర."

ఆయన ఫోను పెట్టేస్తాడనుకున్నాను.

"దారి చివర మా పక్క తలుపుంది" అన్నాడు ఆయన, గొంతు తగ్గించి. "ముందు తలుపుకి మెట్లున్నాయి. మా ఆవిడ చక్రాల కుర్చీ ఆ పక్క తలుపులోంచే బయటికి వస్తుంది. పోయిన చలికాలం తక్కువ ధరకు వచ్చినవాడు మంచంతా తెచ్చి ఆ తలుపుకే కొట్టి పోయాడు. డాక్టరు దగ్గరకి తీసుకెళ్లాల్సిన రోజున తలుపు తెరుచుకోలేదు. పారతో తీస్తూ కూర్చున్నాను. మా ఆవిడ కిటికీలోంచి నన్నే చూస్తూ కూర్చుంది. మంచు ఎక్కడ వేస్తావని నేనూ వాణ్ని అడగలేదు, వాడూ నాతో చెప్పలేదు."

పై నుంచి తీసిన ఫొటోలో తలుపులు కనపడవు. "ఆ తలుపు దగ్గర పిడికెడు మంచు కూడా పెట్టనివ్వనండీ" అన్నాను, నేనే అక్కడ నిలబడి కాపలా కాస్తున్నట్టు.

ఆయన ఒప్పుకున్నాడు. లైన్లో ఉన్న మా లీడర్, ఆయన పెట్టేశాక, "ఊరంతా మీదే అక్కా" అన్నాడు. నేను వంటింట్లోకి పరిగెత్తి, మురుకులు వత్తుతున్న అమ్మను వెనక నుంచి పట్టుకుని ఊపేశాను. "నూనె, నూనె!" అని ఆవిడ కేకలు.

కొన్ని వారాలకు ఆ ఊళ్లో మొదటి మంచు పడింది. పని అయ్యాక డ్రైవరు ప్రతి ఇంటి దగ్గరా ఒక ఫొటో తీసి పంపాలి. ఆ చిన్నింటి ఫొటో రాగానే అమ్మను పిలిచాను. మంచు చూడాలని ఆవిడకు ఎంత సరదానో. ఇద్దరం తెర మీదికి వంగాం. అంతటా తెలుపే, కప్పుల మీద, చెట్ల మీద, వీధి మలుపులో మనిషెత్తు కుప్ప. అమ్మ "ఓలమ్మో" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం దారి చివర పెద్దది చేసి చూశాను. నల్లటి తడి నేల గోడ దాకా శుభ్రంగా ఉంది. పక్క తలుపు బార్లా తెరిచి ఉంది. గుమ్మంలో చక్రాల కుర్చీలో శాలువా కప్పుకున్న ఒకావిడ, బండి వైపు చెయ్యి ఊపుతోంది.