రంగు తాగేసిన నీళ్ళు

ప్రయోగశాలలో ఆమెను అందరూ గాజక్క అంటారు. సీసాలు, గొట్టాలు, గరాటాలు కడగడం ఆమె పని. కడిగిన సీసాను వెలుతురుకెత్తి చూస్తుంది. గాజు మీద నీటి పొర తెగకుండా జారితే శుభ్రం. బొట్లు బొట్లుగా నిలిస్తే మళ్ళీ ఆమ్లంలో ముంచాల్సిందే. ఇన్నేళ్ళలో ఆమె కడిగిన సీసాకు ఎవరూ వంక పెట్టలేదు.

ఆ మధ్య ప్రయోగశాల నడిపే మేడం ఆకుల పని మొదలుపెట్టింది. ఆకులు ఉడికించి, వడగట్టి, ఆ కషాయాన్ని వెండి లవణం కలిపిన నీళ్ళలో పోస్తుంది. తేటగా ఉన్న నీళ్ళు కాసేపటికి తేనెరంగుకు తిరుగుతాయి. కంటికి ఆనని వెండి రేణువులు పుట్టడం వల్ల ఆ రంగు వస్తుందట. అందులో పాదరసం కలిసిన నీళ్ళు పడితే ఆ రంగు పోతుందట.

"మీ మీ ఇళ్ళ నుంచి తలా ఓ సీసా నీళ్ళు తెండి. మంచినీళ్ళకి రంగు పోదని తేలితేనే కదా దీన్ని నమ్మేది," అంది మేడం.

"మా బావినీళ్ళు తెస్తా మేడం. ఒక్క గుక్క తాగారంటే ప్రయోగం సంగతే మర్చిపోతారు," అంది గాజక్క.

మర్నాడు గొట్టాలు వరసగా నిలబెట్టారు. మేడం ఇంటి నీళ్ళు పోస్తే తేనెరంగు చెక్కుచెదరలేదు. కాపలా తాత నీళ్ళకీ అంతే. గాజక్క నీళ్ళు పోశారు. రంగు పలచబడింది. చూస్తుండగానే లేకుండా పోయింది.

"ఏమ్మా, సొంత సీసా దగ్గరకొచ్చేసరికి బద్ధకించావా?" తాత నవ్వాడు.

గాజక్క నవ్వలేదు. తన కడుగుడులో తప్పుండాలని మొదటిసారి కోరుకుంది.

"అవును మేడం, నేనే సరిగ్గా కడగలేదు. నా చేతులు పడిపోను, అందులో ఏదో అంటుకునుంటుంది."

"ఉప్పు ఎక్కువున్నా ఇలా అవ్వొచ్చులే. ఇంకోసారి చూద్దాం," అని మేడం కొత్త సీసా ఇచ్చింది.

గాజక్క పరుగులాంటి నడకతో ఇంటికి వెళ్ళింది. కూతురూ అల్లుడూ గాజక్క దంపతులతోనే ఉంటారు. కూతురికి నెలలు నిండుతున్నాయి. ఆ పిల్ల బావి గట్టు దగ్గర నీళ్ళ గ్లాసు నోటి దాకా ఎత్తింది. గాజక్క ఆ గ్లాసు లాక్కుంది. లాక్కున్నాక ఏం చెయ్యాలో తెలియక తనే గటగటా తాగేసింది.

"ఏంటమ్మా! మీ ఆఫీసులో నీళ్ళు కరువా?"

"దాహమేసిందే," అంది. "నువ్వు మాత్రం పక్కింటి కుళాయి నీళ్ళు తెచ్చుకుని తాగు. బావిలో... బల్లి పడింది."

రెండోసారీ రంగు పోయింది. మేడం ఆ నీళ్ళను పక్క భవనంలో లోహాలు పసిగట్టే పెద్ద యంత్రానికి పంపింది. సాయంత్రం గాజక్కను కూర్చోబెట్టింది.

"పాదరసమే అక్కా. మీ చుట్టుపక్కల ఫ్యాక్టరీ ఏమైనా ఉందా?"

"లేదు."

"పోనీ, పాదరసం వాడేవాళ్ళు?"

గాజక్క భర్తది బంగారు పూత పని. పాదరసంలో బంగారం కరిగించి, వెండి సామాను మీద రాసి, కుంపటి మీద కాలుస్తాడు. పాదరసం పొగై పోతుంది, బంగారం అంటుకుంటుంది. పాదరసం కలిపిన మూకుడు కడిగిన నీళ్ళు పెరట్లో పోస్తాడు. వీధి కాలువలో పోస్తుంటే, నలుగురూ తిరిగే చోట మురికేంటని ఆ నీళ్ళు పెరట్లోకి మళ్ళించింది తనే. బావి పక్కన, నిమ్మచెట్టు మొదట్లోకి.

"మా ఆయన..." అంది. తర్వాత, "బిడ్డకేమైనా అవుతుందా మేడం?"

"ముందు రక్తం చూపించండి. అందరూ."

ఆ 'అందరూ' ఆమె వెంటే ఇంటి దాకా వచ్చింది.

భర్త కుంపటి ముందున్నాడు. విషయం చెబితే తల కూడా ఎత్తలేదు.

"మా నాన్న చేసిందీ ఇదే పని. నాకేమైందే? నిక్షేపంలా ఉన్నా."

గాజక్క అతని చేతి వంక చూసింది. పట్టకారు కొస సన్నగా వణుకుతోంది. వయసు మీద పడిందని ఇద్దరూ నవ్వుకునే వణుకే అది. అతనూ చూసుకున్నాడు. పట్టకారు కింద పెట్టేశాడు. కింద పెట్టినా చెయ్యి ఆగలేదు.

"బల్లి అన్నావేంటమ్మా మరి?"

కూతురు గుమ్మంలో ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో తెలియదు. రెండు చేతులూ పొట్ట మీదున్నాయి.

"ఎప్పట్నుంచి పోస్తున్నావు నాన్నా?"

అతను భార్య వైపు చూశాడు. ఆమె సాయం రాలేదు.

"నువ్వు పుట్టకముందు నుంచి," అన్నాడు.

కూతురు తన చేతులు ముందుకు చాపి, వేళ్ళు విడదీసి, వాటివంకే చూస్తూ నిలబడింది. ముగ్గురూ చూశారు. వణకడం లేదు. అయినా ఎవరికీ ధైర్యం రాలేదు. గాజక్క కుంపటి ఆర్పేసింది, నీళ్ళతో కాదు, మన్నుతో.

"చెప్పులేసుకో," అంది భర్తతో. "ఆసుపత్రి మూసేలోపు అందరం వెళ్ళాలి."