అద్దం తోమే మనిషికి సెలవు లేదు

ఇరవై రెండేళ్లుగా ఆమె దేవుడి అద్దం తోముతోంది. ఇరవై రెండేళ్లుగా ఆ అద్దంలో దేవుణ్ణి చూడలేదు. దాని గురించి ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు.

ఆ పాత గుడిలో దేవుడు భక్తులకు వీపు పెట్టి, గోడవైపు తిరిగి నిలబడి ఉంటాడు. ఎందుకని అడిగితే తలా ఒక కథ చెబుతారు. ఆ గోడకు నిలువెత్తు కంచు అద్దం ఉంది. దేవుడి ముఖం అందులోనే చూసుకోవాలి. దీపాల పొగకీ, జనం ఊపిరికీ కంచు రోజూ మసకబారుతుంది. అందుకే పొద్దున్నే ఆమె వచ్చి చింతపండుతో రుద్ది, మెత్తటి బూడిద పామి, పొడిగుడ్డతో తుడుస్తుంది. అంతసేపూ విగ్రహానికి తెర కట్టి ఉంటుంది. పనైపోగానే పక్క తలుపులోంచి బయటికి పంపేస్తారు.

నియమం ఒకటుంది. అద్దాన్ని ముట్టినవాళ్లు ఆ రోజు దాని ముందు నిలబడకూడదు. ఆ ఒక్క రోజే. వినడానికి ఎంత చిన్నదో! కానీ ఆమె ఏడాది పొడుగునా ముడుతూనే ఉంది. గుడిలో గుమాస్తా నుంచి కాపలా మనిషి దాకా అందరికీ వారానికో సెలవుంది, ఆమెకు తప్ప. జ్వరమొచ్చిన నాలుగు రోజులు మానేసింది గానీ, అప్పుడు మంచం దిగలేకపోయింది.

ఈమధ్య ఆడపడుచు చూడ్డానికొచ్చింది. దర్శనం చేసుకుని, మొహం వెలిగిపోతూ బయటికొచ్చింది.

"ఆ నవ్వేంటి వదినా! ఎంతసేపు చూసినా తనివి తీరదు. నువ్వు రోజూ చూస్తావు, అదృష్టవంతురాలివి."

"నవ్వుతాడా?" అంది ఆమె.

ఆడపడుచు నోరెళ్లబెట్టింది. సంగతంతా విని వదిన చెయ్యి పట్టుకుని తిన్నగా గుడి ఆఫీసుకు లాక్కెళ్లింది.

"నియమం నేను పెట్టానా అమ్మా? వందల ఏళ్లనాటిది" అన్నాడు మేనేజరు.

"సెలవివ్వకూడదన్నది కూడా వందల ఏళ్లనాటిదేనా బాబూ?" అని ఆడపడుచు ఎదురడిగింది.

మేనేజరు చేతిలో కాగితాలు పక్కన పెట్టాడు. "మరి తోమేదెవరు? మనిషిని చూపించు, రేపే ఇస్తా."

"నేనున్నాగా!" అంది ఆడపడుచు. "మా ఇంట్లో బిందెలు చూడండి, మొహం చూసుకోవచ్చు."

మర్నాడు ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని వరుసలో అందరికంటే ముందు నిలబడింది. లోపల ఆడపడుచు చింతపండు, బూడిద అన్నీ చెప్పినట్టే చేసింది. చివర్లో మాత్రం, ఇంకాస్త మెరవాలని, దీపపు కుందులు తుడిచే నూనెగుడ్డతో ఒక పూత పూసింది. ఇంట్లో బిందెలకు అలాగే చేస్తుంది మరి.

తలుపులు తెరిచారు. ఆమె చేతికందే దూరంలో, అద్దం ముందుకొచ్చింది. నూనె మీద దీపాల వెలుగు పరుచుకుని అంతా పసుపుపచ్చటి మరక. అందులో ఎక్కడో ఒక నల్లటి ఆకారం. ముఖం లేదు, నవ్వూ లేదు.

"జరగాలి, జరగాలి" అంటున్నాడు కాపలా మనిషి.

ఇరవై రెండేళ్ల చెయ్యి అది. మసక కనిపిస్తే ఊరుకోదు. చీర కొంగు గుప్పిట పట్టి, ఒక్క విసురున అద్దాన్ని తుడిచేసింది.

"ముట్టేశావ్! అద్దాలమ్మా, ముట్టేశావ్!" కాపలా మనిషి భుజం పట్టి పక్కకు తిప్పేశాడు. ఆమె తల వెనక్కి తిప్పేలోపే పక్క తలుపు మూసుకుంది. లోపల వెనకాలవాళ్లు "అబ్బ, ఎంత స్పష్టంగా ఉన్నాడో!" అనుకోవడం మాత్రం బాగా వినపడింది.

"అవకాశమిచ్చాం, నువ్వే పాడుచేసుకున్నావ్" అన్నాడు మేనేజరు. ఆడపడుచు ఏడుస్తూ ఊరెళ్లిపోయింది. మర్నాడు పొద్దున ఆమె మళ్లీ బూడిద డబ్బా చేత పట్టుకుంది. "ఇంకో మనిషిని పెట్టుకోవడానికి వీళ్లకేం రోగం?" అంది, దర్శనానికొచ్చిన నాతో. అంత గట్టిగా ఆమె మాట్లాడ్డం అదే మొదటిసారట.

ఆ నియమాన్ని తీసెయ్యమని నేను అడగను, ఆమె కూడా అడగడం లేదు. అడిగేదల్లా వారానికి ఒక్క రోజు, ఆ రోజుకు పని తెలిసిన ఇంకో మనిషి. మీరు వెళ్లే గుడి ఏదైనా సరే, అక్కడ తోమేవాళ్లకీ ఊడ్చేవాళ్లకీ సెలవు ఏ రోజో ఆఫీసులో అడగండి. లేదంటే, ఎందుకు లేదో కాగితం మీద రాసిమ్మనండి. ఇచ్చేదాకా ఆ ఆఫీసు కిటికీ దగ్గర నుంచి కదలకండి.