పరదా చాటు ఇంగ్లీషు

నా జీవితంలో నేను ఇంగ్లీషు నేర్పింది ఒక్క మనిషికే. ఆ ఒక్కడూ నేను చెప్పినదంతా అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పి, సరిగ్గా అందువల్లే మునిగిపోయాడు. పాఠం తప్పుగా చెప్పి శిష్యుల్ని చెడగొట్టేవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. ఒప్పుగా చెప్పి ముంచిన ఘనత మాత్రం నాదే. నవ్వొస్తే నవ్వండి. ఇన్నేళ్లకి నేనూ కొంచెం నవ్వగలుగుతున్నాను, అదీ ఇంట్లో ఎవరూ లేనప్పుడు.

యుద్ధం అయిపోయిందని రేడియో చెప్పింది గాని, ఆ మాట ఆకాశానికి ఎవరూ చెప్పలేదు. కువైట్‌లో నూనె బావులు ఇంకా మండుతున్నాయి. గాలి అటునుంచి వీచిన రోజు, సరిహద్దుకి ఇవతల మేముండే ఖోబర్‌ ఊళ్లో మధ్యాహ్నమే దీపాలు పెట్టుకునేవాళ్లం. సూర్యుడు పాతబడ్డ జీరో బల్బులాగా ఉండేవాడు. తెల్లచీర ఆరేస్తే చుక్కల చీర తీసుకొచ్చేదాన్ని. ఊరంతా దగ్గేది. కిటికీ అద్దాలకి యుద్ధమప్పుడు అంటించిన టేపు పీకడానికి కూడా ఎవరికీ ఉత్సాహం లేదు.

అజీజియా పేటలో మా ఫ్లాటులో నేను పెళ్లైన కొత్తలో, భయపడటం, చదవడం, డైరీ రాయడం అనే మూడు పనులతో కాలం గడిపేదాన్ని. మనుషులతో మాట్లాడటం నా వల్ల కాదు. కూరగాయల కొట్లో బెండకాయలు కావాలంటే వేలు చూపించేదాన్ని. కొట్టువాడు వంకాయలిస్తే వంకాయలే వండేదాన్ని. అలాంటి నేను ఒకే పుస్తకాన్ని పదేపదే చదివేదాన్ని. ఇంగ్లీషులో జనం తికమకపడే మాటల గురించి రాసిన పుస్తకం అది. 'బారో'కి 'లెండ్'కి తేడా ఏమిటి, 'బ్రింగ్' ఎక్కడ, 'టేక్' ఎక్కడ అన్నీ నాకు కంఠతా వచ్చు. వాటిని వాడటానికి ఎదుట ఒక మనిషి కావాలన్నదొక్కటే ఇబ్బంది.

ఆ మనిషిని మా ఆయనే తెచ్చాడు.

"మా సైటులో మల్లేశం అని ఉన్నాడు, నిజామాబాద్ వైపు మనిషి. స్టోర్‌కీపర్ పోస్టు ఖాళీ అయింది. పనంతా వచ్చు గాని ఇంగ్లీషులో ఇంటర్వ్యూ అంట. నువ్వెలాగూ ఆ పుస్తకం నమిలేస్తున్నావు కదా, నాలుగు ముక్కలు చెప్పకూడదూ?"

"నేనా? మగవాళ్లకా?" అన్నాను, పులికి స్నానం చేయించమన్నట్టు.

"ఆ పోస్టు రాకపోతే పై శనివారం బండెక్కించి మళ్లీ సరిహద్దు ఎడారిలోకి, హఫర్ అల్ బాతిన్ పంపిస్తారు, పద్మా."

హఫర్ అంటే ఏమిటో ఆ సాయంత్రం మల్లేశం నోటే విన్నాను. హాల్లో మా ఆయనతో అంటున్నాడు, నేను వంటింట్లో ఉన్నాను.

"బాంబులు వడ్డప్పుడు గాడనే ఉంటి సార్. గిప్పటికీ కండ్లు మూస్తె గదే సప్పుడు. ఇసుకల ఏం పాతివెట్టిండ్రో, ఏడ అడుగేస్తె ఏం పేల్తదో! కూలి తక్కువైనా మంచిదే, మళ్ల గా దిక్కు పోవుడు నాతోని గాదు."

ఆ గొంతు విన్నాక కాదనలేకపోయాను. కాని ఎదుటపడేది ఎలా? ఆ ఊళ్లో పరాయి మగవాడు ఆడవాళ్లున్న ఇంటికి వచ్చిపోతుంటే కింద కాపలా ఉండే హారిస్ ఊరుకోడు. సరే, హారిస్ సంగతి సగమే. మిగతా సగం నా సిగ్గు. మొత్తానికి ఏర్పాటు ఏమిటంటే, వంటింటి గుమ్మానికి పూల పరదా. ఇవతల నేను, అవతల మల్లేశం, మధ్యలో పేపరు పట్టుకుని మా ఆయన. మెట్ల మీద అడుగుల చప్పుడైతే ఆయన దగ్గుతాడు. దగ్గితే మేం ఆపేయాలి. గోడలు పల్చన కాబట్టి పాఠం గుసగుసగానే.

ఇంత కట్టుదిట్టంగా దొంగనోట్లు కూడా ముద్రించరు.

"బారో అంటే మనం తీసుకోవడం. లెండ్ అంటే మనం ఇవ్వడం," అని పరదాతో గుసగుసలాడాను.

"స్టోరుల నుంచి డ్రిల్లు మిషను నేనిస్తె లెండు. ఆడు తీస్కపోతె బారో. గంతే గద మేడం?" అని పరదా గుసగుసలాడింది.

"అంతే. బ్రింగ్ అంటే మన దగ్గరికి, టేక్ అంటే మన దగ్గర్నుంచి."

"గదైతే మా ఫోర్‌మన్‌కు గుడ తెల్వదు మేడం!"

నాకు ఎంత సంతోషం వేసిందంటే, ఆ రోజు డైరీలో 'నేను టీచర్ని' అని రాసి కింద గీత గీసుకున్నాను. ఆ గర్వంలోనే నా మహోపదేశం చేశాను.

"ఉచ్చారణ ముఖ్యం మల్లేశం గారూ. నేను ఎలా అంటే అచ్చం అలాగే అనండి."

పాఠకులారా, ఈ వాక్యాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి. నన్ను మాత్రం మరచిపోనివ్వలేదు అది.

అతను అచ్చం అలాగే అన్నాడు. వారం తిరిగేసరికి ఏ మాటా తడబడటం లేదు. ఇంటర్వ్యూ రోజు ఆకాశం మరీ నల్లగా ఉంది. నేను పొద్దుటినుంచి వంటింట్లో దేవుడి పటానికి నమస్కారాలు పెడుతూనే ఉన్నాను. మధ్యాహ్నం మా ఆయన వచ్చాడు. షర్టు చెమటతో తడిసిపోయింది.

"నువ్వతనికి ఏం నేర్పావు?"

"బారో, లెండ్, బ్రింగ్, టేక్... ఏం, తప్పు చెప్పాడా?"

"ఒక్కటీ తప్పు చెప్పలేదు. అసలు పక్కనే కూర్చున్న నాకు తప్ప అవి ఎవరికీ వినపడితేగా!"

"అంటే?"

"మా మేనేజరు స్కాట్లాండాయన, తెలుసుగా. ఉరుమినట్టు మాట్లాడతాడు. 'వర్కరు డ్రిల్లు అడిగితే ఏం చేస్తావు?' అన్నాడు. మన మల్లేశం లేచాడు. కుర్చీ కిటికీ వైపు తిప్పుకున్నాడు. కిటికీకి పరదా ఉంది. దాని ముందు కూర్చుని, తల వంచుకుని, ఆ పరదాకి గుసగుసగా చెప్పాడు."

నేను అక్కడే ఉన్న బియ్యం డబ్బా మీద కూలబడ్డాను.

"మేనేజరు నన్నడిగాడు, 'ఎవరితో మాట్లాడుతున్నాడు?' అని. 'మీతోనే సార్' అన్నాను. 'నేనిక్కడ ఉన్నాను కదా!' అన్నాడు."

"మీరు సర్దిచెప్పలేకపోయారా?"

"చెప్పనిస్తేగా! ఆయనకి ఈ పొగతో ఒకటే దగ్గు. ఆయన దగ్గినప్పుడల్లా మల్లేశం టక్కున నోరు మూసేసి తలుపు వైపు చూస్తున్నాడు. ఎవరో వస్తున్నట్టు! ఇక ఆయనకి అనుమానం వచ్చేసింది. 'మొహం చూపించడు, గొంతు పెగలదు, మాటిమాటికీ తలుపు వంక చూస్తాడు. ఇతనికా నేను స్టోరు తాళాలిచ్చేది? ఏదో దాస్తున్నాడు' అన్నాడు."

"అసలు సంగతి చెప్పొచ్చు కదండీ?"

"చెప్పాను. 'మా ఆవిడ పరదా వెనక నుంచి నేర్పింది సార్' అన్నాను. అప్పట్నుంచి నన్ను కూడా అదోలా చూస్తున్నాడు."

"మరి మల్లేశం ఏమన్నాడు?"

మా ఆయన తడిసిన షర్టు విప్పి కుర్చీ మీద వేశాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"బయటికొచ్చాక అడిగాను, ఎందుకయ్యా అలా చేశావని. 'సైటు మీద మమ్ముల తిట్టేటప్పుడు ఒర్రేది కూలోళ్ల ఇంగ్లీషు సార్. సదువుకున్నోళ్లది గిట్ల మెల్లగ, మర్యాదగ, మొఖంల మొఖం వెట్టకుంట మాట్లాడ్తరనుకున్న. మేడం గట్లనే మాట్లాడ్తది గద' అన్నాడు."

నా పిరికితనాన్ని అతను ఇంగ్లీషు మర్యాద అనుకున్నాడు. నా పుస్తకంలో ఎన్ని తికమకలకి మందున్నా, ఈ తికమకకి మాత్రం ఒక్క పేజీ లేదు.

శనివారం బండి రానే వచ్చింది. హఫర్ వెళ్లే ముందు మేడంకి చెప్పి పోతానన్నాడట. మా ఆయన తీసుకొచ్చాడు గాని, కింద హారిస్ ఏదో అడుగుతూ ఆయన్ని ఆపేశాడు. మల్లేశం ముందుగా మెట్లెక్కి వచ్చి తలుపు తట్టాడు.

నేను అప్పటికే నిర్ణయించుకున్నాను. పరదా పక్కకి తోసి, తలుపు తీసి, ఎదురుగా నిలబడి, పెద్ద గొంతుతో క్షమించమని అడగాలి. వాక్యం కూడా తయారు చేసుకున్నాను. తలుపు తీశాను. చేతిలో చిన్న రెగ్జిన్ బ్యాగు, నెరిసిన మీసం, అలసిన కళ్లు. మనిషిని చూడటం అదే మొదటిసారి. అతను నన్ను చూడటమూ అదే మొదటిసారి.

ఒక్క క్షణం నన్ను ఎగాదిగా చూసి, నా భుజం మీదుగా లోపలికి తొంగిచూశాడు.

"మీ అమ్మ లేదా బిడ్డా? గా ఇంగ్లీషు చెప్పే మేడం?"

మా ఆయన బట్టతల చూసి కాబోలు, ఆ వారమంతా అతని ఊహలో నేను జుట్టు నెరిసి, కళ్లద్దాలు పెట్టుకున్న పంతులమ్మనన్నమాట. నోరు తెరిచాను. తయారు చేసుకున్న వాక్యం గొంతులోనే మడత పెట్టుకుని పడుకుంది. ఏం చేశానో చెప్పడానికి ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

తల అడ్డంగా ఊపాను. లేదని.

"అయ్యో! వచ్చినంక చెప్పు బిడ్డా. మల్లేశం మొక్కిండని చెప్పు. మేడం తప్పేం లేదు, మంచిగనే నేర్పింది, నా తలరాతే గిట్లున్నదని చెప్పు. రంది వెట్టుకోవద్దను."

తల నిలువుగా ఊపాను. అతను మెట్లు దిగిపోయాడు. కిటికీ టేపు సందులోంచి ఆ బండి పొగలో కలిసిపోయేదాకా చూశాను. తర్వాత మా ఆయన పైకొచ్చి, "మాట్లాడావా?" అన్నాడు. "మేడం ఇంట్లో లేదు," అన్నాను.

మల్లేశం అక్కడ ఏడాది పనిచేసి క్షేమంగా ఇంటికి చేరాడని తర్వాత తెలిసింది. తెలిసేదాకా నేనెలా ఉన్నానో వదిలేయండి.

కాబట్టి పంచభూతాల సాక్షిగా, అందులో గాలి కొంచెం మసిబారిందే అయినా, ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఎవరికైనా ఏ భాషైనా నేర్పాల్సి వస్తే ఎదురుగా కూర్చుని, మొహం చూపించి, ఇరుగుపొరుగు తిట్టేంత గట్టిగా నేర్పుతాను. అంతకన్నా ముందు, ఎవరైనా వచ్చి నా కోసం అడిగితే, నేను ఇంట్లోనే ఉన్నానని ఒప్పుకుంటాను. కనీసం తలుపు తీసింది నేనే అయినప్పుడైనా.